లోన్ ఫైల్ పెట్టే ముందు మీ షాపు అడ్రస్ సంగతి తేల్చుకోండి

మాది హైదరాబాద్ బాలానగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. నాతో కలిపి ఏడుగురం పనిచేస్తాం. కొన్నేళ్ల క్రితం 15 లక్షల సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు చూపించి అవసరమైనప్పుడు వాడుకునే అప్పు) కోసం బ్యాంకులో ఫైల్ పెట్టాను. జీఎస్టీ రిటర్నులు ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే అంకె) బాగుంది, ఐటీ రిటర్నులు మూడేళ్లవీ ఉన్నాయి, మేనేజర్ గారు కూడా మంచిగానే మాట్లాడారు. ఇంక వచ్చేసినట్టే అనుకుని క్రాఫ్ట్ పేపర్ రీళ్లకి ఆర్డర్ కూడా చెప్పేశాను. పది రోజులకి ఫైల్ వెనక్కి వచ్చింది. ఏమైందండీ అంటే, "మీ యూనిట్ ఆ అడ్రస్‌లో లేదట కదా" అన్నారు.

నిజమే, లేదు. అంతకు ఎనిమిది నెలల ముందు అద్దె పెంచారని రెండు వీధుల అవతల ఇంకో షెడ్డులోకి మారాం. బోర్డు మార్చాం, విజిటింగ్ కార్డులు మార్చాం, కస్టమర్లందరికీ ఫోన్ చేసి చెప్పాం. జీఎస్టీలో మార్చలేదు, కరెంట్ అకౌంట్‌లో మార్చలేదు. వెరిఫికేషన్‌కి వచ్చిన అబ్బాయి కాగితాల్లో ఉన్న పాత చోటుకి వెళ్లాడు, అక్కడ ఎవరిదో లేత్ వర్క్‌షాప్ నడుస్తోంది, పక్కవాళ్లని అడిగితే "వాళ్లు ఖాళీ చేసి చాలా రోజులైంది" అన్నారు, అతను అదే రాసుకుని వెళ్లిపోయాడు. అందులో అతని తప్పేమీ లేదు. కాగితాలన్నీ సరిచేసుకుని మళ్లీ అప్లై చేస్తే నాలుగు నెలల తర్వాత అదే వ్యాపారానికి, దాదాపు అవే లెక్కలకి లిమిట్ వచ్చింది. మారింది అడ్రస్ కాగితాలు మాత్రమే. ఆ నాలుగు నెలలు బయట వడ్డీకి తెచ్చి నడిపిన బాధ ఇంకెవరికీ రాకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ. అడ్రస్ అంటే చాలామంది "మంచి ఏరియాలో ఆఫీసు ఉంటే లోన్ ఈజీగా వస్తుంది" అనుకుంటారు. హైటెక్ సిటీలో ఒక చిన్న క్యాబిన్ అద్దెకి తీసుకుని లెటర్‌హెడ్ మీద ఆ అడ్రస్ వేసుకునేవాళ్లని చూశాను. చిన్న వ్యాపారం విషయంలో బ్యాంకు వాళ్లు చూసేది వీధి గొప్పతనం కాదు. ఈ మనిషి చెప్పిన చోట నిజంగా ఉన్నాడా, ఎన్నాళ్లుగా ఉన్నాడు, రేపు ఈఎంఐ ఆగితే వెళ్లి తలుపు కొడితే పలుకుతాడా, ఇవే వాళ్ల ప్రశ్నలు. చర్లపల్లి షెడ్డయినా, విజయవాడ ఆటోనగర్‌లో ఒక్క షట్టరయినా, పదేళ్లుగా అక్కడే ఉండి కాగితాలన్నీ ఒకే మాట చెబితే అద్దాల బిల్డింగ్ కంటే అదే బలం.

ఒక తెల్లకాగితం తీసుకోండి

మీ వ్యాపారం అడ్రస్ ఎక్కడెక్కడ రాసి ఉందో అన్నీ ఒక కాగితం మీద, ఉన్నది ఉన్నట్టు, కామాతో సహా రాయండి. జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ మీద పైన ప్రింటయ్యే అడ్రస్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్ షాప్ రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, అద్దె అగ్రిమెంట్, ఐటీ రిటర్ను, మీరు కస్టమర్లకి ఇచ్చే ఇన్‌వాయిస్, తిండి వ్యాపారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్. దాని కింద యజమానిగా మీ ఇంటి అడ్రస్ కూడా: ఆధార్, పాన్, సిబిల్ రిపోర్టులో ఉన్నవి. ప్రొప్రైటర్‌షిప్ (ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారం) అయితే బ్యాంకు దృష్టిలో మీరూ మీ షాపూ ఒక్కటే, అందుకే ఇంటికీ ఒకసారి వస్తారు, షాపుకీ ఒకసారి వస్తారు.

నేను ఈ పని చేసినప్పుడు నాకు ఐదు రకాల అడ్రస్‌లు తేలాయి. అందులో రెండు పాత చోటువి, రెండు కొత్త చోటువే కానీ డోర్ నంబర్ వేరేలా ఉంది, ఒకదాంట్లో పిన్ కోడ్ తప్పు. మీకూ కనీసం మూడు తేలతాయి, చూడండి.

ఇది బ్యాంకు వాళ్లకి ఎలా తెలుస్తుందంటే, దాచిపెట్టిన సమాచారమేమీ కాదు. జీఎస్టీ పోర్టల్‌లో మీ నంబర్ కొడితే ప్రధాన వ్యాపార స్థలం అడ్రస్ ఎవరికైనా కనిపిస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్ కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో కనిపిస్తుంది. సిబిల్ రిపోర్టులో మీరు పాత లోన్లకి, క్రెడిట్ కార్డులకి ఇచ్చిన అడ్రస్‌లు తేదీలతో సహా ఉంటాయి. ఫైల్ చూసే ఉద్యోగి ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటాడు. ఒక్కటి తేడా ఉంటే ప్రశ్న రాసి పంపుతాడు. మూడు తేడాలుంటే చాలా చోట్ల ప్రశ్న కూడా రాయరు, పక్కన పెట్టేస్తారు.

మన దగ్గర డోర్ నంబర్, జిల్లా పేరు తెచ్చే తంటా

ఇది మన రెండు రాష్ట్రాల వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం, ఎందుకంటే మనం కదలకుండా కూర్చున్నా మన అడ్రస్ మారిపోయింది. 2014లో రాష్ట్రం రెండయింది. హైదరాబాద్ వాళ్ల పాత ఆధార్ కార్డుల్లో ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ అని ఉన్నవి నేను చూశాను. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. మా బాలానగర్, కూకట్‌పల్లి అంతకుముందు రంగారెడ్డి జిల్లా, ఇప్పుడు మేడ్చల్ మల్కాజిగిరి. హనుమకొండ వాళ్లకి ఇంకా గందరగోళం: వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ జిల్లా. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకి, చీరాల ప్రకాశం నుంచి బాపట్లకి, చిలకలూరిపేట గుంటూరు నుంచి పల్నాడుకి వెళ్లాయి.

డోర్ నంబర్ల సంగతి వేరే. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు, పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర పాలక సంస్థ) చేశారు కదా, అలా కలిసిన ఊళ్లలో ఒకే షెడ్డుకి పంచాయతీ కాలం నంబర్ ఒకటి, ప్లాట్ నంబర్ ఒకటి, తర్వాత వచ్చిన మున్సిపల్ నంబర్ ఒకటి ఉంటాయి. ఓనర్ అద్దె అగ్రిమెంట్‌లో ప్లాట్ నంబర్ రాయిస్తాడు, కరెంటు బిల్లులో పాత నంబర్ వస్తుంది, ఇంటి పన్ను రసీదులో కొత్తది. మూడూ ఒకే గోడ. మనకి తెలుసు. చెన్నైలోనో ముంబైలోనో కూర్చుని కంప్యూటర్‌లో ఫైల్ చూసే మనిషికి మాత్రం అవి మూడు వేర్వేరు చోట్లు.

దీనికి నేను పట్టుకున్న పద్ధతి ఇది. ఇంటి పన్ను రసీదులో ఉన్న నంబర్‌ని అసలుగా తీసుకోండి, ఎందుకంటే అది ప్రభుత్వ రికార్డు, దాన్ని మార్చడం మీ చేతిలో లేదు, మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. దాని పక్కనే ప్లాట్ నంబర్, ఫేజ్, వీధి పేరు, ల్యాండ్‌మార్క్, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా, పిన్ కోడ్ పెట్టి ఒక వాక్యంగా రాసి ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఇకమీద ఏ ఫారం నింపినా అదే కాపీ చేసి పెట్టండి. టైప్ చేయొద్దు, సీఏ గారి ఆఫీసులో కుర్రాడికి ఫోన్లో చెప్పి రాయించొద్దు. మా పిన్ కోడ్ తప్పు అలా వచ్చిందే. కరెంటు బిల్లులో నంబర్ వేరుగా ఉండి ఓనర్ మార్పించడానికి ఒప్పుకోకపోతే, రెండు నంబర్లూ ఒకే కట్టడానివని ఓనర్ చేత ఒక లెటర్ సంతకం చేయించి ఫైల్‌లో పెట్టండి. మా బ్రాంచ్‌లో అది సరిపోయింది.

ఏది ముందు మార్చాలి

వరుస ముఖ్యం, ఎందుకంటే ఒకదానికి ఇంకొకటి ఆధారం.

మొదట అద్దె అగ్రిమెంట్. అందులో అడ్రస్ మీరు సేవ్ చేసుకున్న వాక్యమే ఉండాలి. దానితో పాటు ఓనర్ పేరుమీద కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో తీసుకోండి. ఇక్కడ ఎక్కువమంది ఇరుక్కునేది ఏమిటంటే, బిల్లు ఓనర్ వాళ్ల నాన్నగారి పేరుమీద ఉంటుంది, ఆయన పోయి చాలా ఏళ్లయి ఉంటుంది, కొడుకులు పేరు మార్పించుకోరు, అగ్రిమెంట్ మీద మాత్రం పెద్ద కొడుకు సంతకం పెడతాడు. అప్పుడు అద్దెకి ఇచ్చే హక్కు ఆయనకి ఉందా అన్న ప్రశ్న వస్తుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే కరెంటు బిల్లు చూపించమని అడగండి. పేర్లు కలవకపోతే ఓనర్ చేత పేరు మార్పించుకోమని చెప్పి, అది అయ్యాకే దిగండి. షెడ్డు ఎంత బాగున్నా సరే, లోన్ అవసరం ఉన్నవాళ్లకి అది మంచి షెడ్డు కాదు.

తర్వాత జీఎస్టీ. అడ్రస్ మారిన 15 రోజుల్లోపు మార్పు కోసం అప్లై చేయాలని రూల్, ఫారం పేరు ఆర్‌ఈజీ-14. ఇది ఆఫీసర్ ఆమోదించాల్సిన మార్పు, దానికి వాళ్లకి 15 పనిదినాల గడువు ఉంటుంది, కాగితాల్లో లోపం ఉంటే నోటీసు ఇస్తారు, మనిషిని పంపి చూసుకోవచ్చు కూడా. నాలాగా నెలల తరబడి వదిలేస్తే లోన్ ఒక్కటే కాదు, చెప్పిన చోట వ్యాపారం చేయడం లేదని రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం కూడా వాళ్లకి ఉంది. గోడౌన్ వేరే చోట ఉంటే దాన్ని అదనపు వ్యాపార స్థలంగా ఎక్కించండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: తెలంగాణ జీఎస్టీ నంబర్ 36తో, ఆంధ్రది 37తో మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఆఫీసు, విజయవాడలో యూనిట్ ఉంటే రెండు రిజిస్ట్రేషన్లు కావాలి, ఒకదాంట్లో రెండో రాష్ట్రం అడ్రస్ ఎక్కదు.

జీఎస్టీ కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చాక దాంతో కరెంట్ అకౌంట్ అడ్రస్ మార్పించండి. ఉద్యమ్‌లో మీరే ఓటీపీతో లాగిన్ అయి ఉచితంగా మార్చుకోవచ్చు, డబ్బు అడిగే ఏజెంట్లని నమ్మకండి. అందులో ఆఫీసు అడ్రస్ వేరు, యూనిట్ ఉన్న చోటు వేరు, రెండూ చూసుకోండి. ట్రేడ్ లైసెన్స్, లేబర్ రిజిస్ట్రేషన్, ఐటీ పోర్టల్ ప్రొఫైల్ కూడా అప్పుడే చేసేయండి. చివరగా ఇన్‌వాయిస్ పుస్తకం, రబ్బరు స్టాంపు, గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పిన్. వెరిఫికేషన్‌కి వచ్చేవాళ్లు దారి కోసం మ్యాప్‌నే నమ్ముకుంటారు.

ప్రైవేట్ లిమిటెడ్ వాళ్లకి ఇంకో మెట్టు ఉంది. రిజిస్టర్డ్ ఆఫీసు మారితే 30 రోజుల్లోపు కంపెనీ వ్యవహారాల శాఖకి ఐఎన్‌సీ-22 ఫారం వేయాలి, దానికి పెట్టే కరెంటు బిల్లు లాంటిది రెండు నెలలకంటే పాతది కాకూడదు. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్ బయట బోర్డు మీద, స్థానిక భాషలో కూడా ఉండాలని కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టర్డ్ ఆఫీసు ఇంట్లో, ఫ్యాక్టరీ వేరే చోట ఉండటంలో ఏ తప్పూ లేదు. కానీ లోన్ అప్లికేషన్‌లో ఏది ఏమిటో స్పష్టంగా రాయండి, రాయకపోతే వెరిఫికేషన్ మనిషి ఇంటికి వెళ్లి "మెషీన్లు లేవు" అని రాసుకొస్తాడు.

ఇవన్నీ అవ్వడానికి రెండు నెలలు పెట్టుకోండి. డబ్బు అవసరం పడ్డ రోజున మొదలుపెట్టే పని కాదిది.

వెరిఫికేషన్ రోజు

వచ్చేది చాలాసార్లు బ్యాంకు ఉద్యోగి కాదు, బయటి ఏజెన్సీ మనిషి. రోజుకి చాలా చోట్లు తిరగాలి, మీ దగ్గర పది పదిహేను నిమిషాలకి మించి ఉండడు, రెండోసారి రావడం కష్టం. చెప్పి వచ్చేవాళ్లూ ఉంటారు, చెప్పకుండా వచ్చేవాళ్లూ ఉంటారు. వచ్చాక బోర్డు కనిపించేలా ఫోటో తీస్తాడు, లోపల సరుకు, మెషీన్లు ఫోటో తీస్తాడు, ఆ ఫోటోలో లొకేషన్, టైమ్ వాటంతట అవే పడతాయి. ఎన్నాళ్లుగా ఇక్కడ ఉన్నారు, అద్దె ఎంత, ఓనర్ ఎవరు, ఎంతమంది పనిచేస్తారు, నెలకి ఎంత అమ్మకం అని అడుగుతాడు. వెళ్తూ వెళ్తూ పక్క షాపులో మీ గురించి ఒక మాట అడుగుతాడు.

కాబట్టి బోర్డు మీద పేరు బ్యాంకు అకౌంట్‌లో ఉన్న పేరే ఉండాలి. చాలామందికి షాపు పేరు ఒకటి, జీఎస్టీలో లీగల్ పేరు ఒకటి ఉంటుంది. బోర్డు కింద చిన్న అక్షరాల్లోనైనా ఆ రెండో పేరు రాయించండి. జీఎస్టీ నంబర్ అయితే బోర్డు మీద ఉండాలని రూలే ఉంది, సర్టిఫికెట్ కూడా కనిపించే చోట పెట్టాలి. ఫ్లెక్సీ బోర్డుకి పెద్ద ఖర్చేమీ కాదు, కానీ బోర్డు లేని ఫోటో ఫైల్‌లో చేరితే దాని నష్టం ఎక్కువ.

మీరు లేనప్పుడు షాపులో ఉండే మనిషికి ముందే చెప్పి ఉంచండి. మా దగ్గర ఒకసారి ఎవరో వచ్చి వివరాలు అడుగుతుంటే మా పనబ్బాయి వాళ్లెవరో ఏమిటో అని భయపడి "నాకు తెలియదు, సార్ ఎప్పుడొస్తారో తెలియదు" అన్నాడు. తప్పు వాడిది కాదు, నేను చెప్పి ఉండాల్సింది. అద్దె ఎంత అని అడిగితే అగ్రిమెంట్‌లో ఉన్న అద్దే చెప్పాలి. అగ్రిమెంట్‌లో తక్కువ రాయించుకుని మిగతాది చేతికి ఇచ్చే అలవాటు చాలా చోట్ల ఉంది, మీ మాట, అగ్రిమెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అద్దె చెల్లింపు మూడూ మూడు అంకెలు చెబితే ఆ తర్వాత మీరు చెప్పే టర్నోవర్‌ని కూడా అనుమానిస్తారు. అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పక్క షాపుల వాళ్లతో కూడా ఒక మాట అనండి: "లోన్‌కి పెట్టానన్నా, ఎవరైనా వచ్చి అడిగితే నేనిక్కడే ఉంటానని చెప్పు." ఇందులో మొహమాటం అక్కర్లేదు, రేపు వాళ్లకీ మీ మాట అవసరం పడుతుంది. ఆ వచ్చిన మనిషికి మంచినీళ్లు, టీ ఇవ్వండి, డబ్బులు మాత్రం ఇవ్వకండి, అడిగినా సరే.

ఇంటి నుంచి నడిపేవాళ్లు, వర్చువల్ ఆఫీసు వాళ్లు

పచ్చళ్లు, బ్లౌజులు కుట్టడం, ట్యూషన్, సాఫ్ట్‌వేర్ పని, ఇవన్నీ ఇంటి నుంచే మొదలవుతాయి. ఇంటి అడ్రస్ మీద జీఎస్టీ, ఉద్యమ్ రెండూ తీసుకోవచ్చు. ఇల్లు మీ అత్తగారి పేరుమీదో నాన్నగారి పేరుమీదో ఉంటే వాళ్ల సమ్మతి పత్రం, ఇంటి పన్ను రసీదు చాలు. కానీ బ్యాంకు మనిషి వచ్చినప్పుడు వాళ్లకి కావాల్సింది ఇల్లు కాదు, వ్యాపారం. ఒక గదిని దానికే కేటాయించండి, సరుకు అక్కడే పెట్టండి, గేటుకి చిన్న బోర్డు పెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌తో ముందే మాట్లాడండి, వాచ్‌మన్ "ఇక్కడ అలాంటి షాపేదీ లేదు" అంటే మీ కథ అక్కడే ఆగిపోతుంది. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలోదా కమర్షియలా అన్నది కూడా చూస్తారు. నాలుగు మెషీన్లు పెట్టాక కూడా ఇంటి మీటరే ఉంటే బ్యాంకు కంటే ముందు కరెంటాఫీసు వాళ్లతో ఇబ్బంది.

కొవర్కింగ్‌లో (పలువురు పంచుకునే అద్దె ఆఫీసులో) నిజంగా కూర్చుని పనిచేస్తుంటే పర్వాలేదు, ఒప్పందం, వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), రిసెప్షన్ దగ్గర మీ పేరు ఉంటే నడుస్తుంది. నెలకి కొంత కట్టి కేవలం అడ్రస్ వాడుకునే వర్చువల్ ఆఫీసు మాత్రం, నా అభిప్రాయం అడిగితే, లోన్ ఆలోచన ఉన్నవాళ్లు పెట్టుకోకపోవడమే మంచిది. ఒకే అడ్రస్ మీద యాభై కంపెనీలు ఉంటే, అందులో ఒకటి దొంగ బిల్లులు కొట్టి పట్టుబడినా, ఆ అడ్రస్ మొత్తానికే మచ్చ పడుతుంది. మీరు ఎంత నిజాయితీగా ఉన్నా మీ ఫైల్‌ని అదే కంటితో చూస్తారు. మీ ఇంటి చిన్న గది దానికంటే నయం.

అద్దె, సొంతం, ఏరియా, బ్రాంచ్

తాకట్టు లేకుండా ఇచ్చే బిజినెస్ లోన్లకి, ముఖ్యంగా ఫైనాన్స్ కంపెనీలు, ఇల్లో షాపో రెండింట్లో ఒకటైనా సొంతం అయి ఉండాలని అడగడం మామూలు. సొంతం అంటే మీ పేరుమీదే కాదు, అమ్మానాన్నల పేరుమీద ఉన్నా వాళ్లని కో-అప్లికెంట్‌గా పెడితే చాలామంది ఒప్పుకుంటారు. రెండూ అద్దెవే అయితే ఎక్కువ కాలం ఒకే చోట ఉన్నట్టు చూపించడమే మీ బలం, కాబట్టి పాత అగ్రిమెంట్లు, పాత కరెంటు బిల్లులు పారేయకండి.

మన దగ్గర అందరూ 11 నెలల అగ్రిమెంట్ రాసుకుంటారు. చిన్న లిమిట్‌కి అది నడుస్తుంది, కానీ అప్లై చేసే రోజుకి దాని గడువు అయిపోయి ఉండకూడదు, ఈ ఒక్క కారణంతో ఆగిన ఫైళ్లు నాకు తెలిసే రెండు మూడున్నాయి. మెషీన్ కోసం ఐదేళ్ల టర్మ్ లోన్ అడుగుతున్నప్పుడు మాత్రం "11 నెలల తర్వాత మెషీన్ ఎక్కడ పెడతారు" అన్న ప్రశ్న న్యాయమైనదే. అప్పుడు మూడేళ్లకో ఐదేళ్లకో రిజిస్టర్డ్ లీజు చేయించుకోవడం దండగ ఖర్చు కాదు.

ఏరియా గురించి ఒక మాట. రికవరీ కష్టమనుకున్న కొన్ని ప్రాంతాలని అప్పులిచ్చే సంస్థలు లోపల్లోపల "నెగెటివ్ ఏరియా" అని గుర్తు పెట్టుకుంటాయి. ఎదురుగా చెప్పరు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది, పద్ధతిగా కట్టేవాడు కూడా వీధి పేరుతో నష్టపోతున్నాడు. మీకు అలా జరుగుతోందని అనుమానం వస్తే వరసగా పది చోట్ల అప్లై చేయకండి, ప్రతి ఎంక్వైరీ సిబిల్‌లో పడుతుంది. మీ యూనిట్‌కి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ బ్యాంకు బ్రాంచ్‌కి నేరుగా వెళ్లి, ఫీల్డ్ ఆఫీసర్‌ని యూనిట్‌కి రమ్మని పిలవండి. కళ్లతో చూసినవాడికి ఆ లిస్టుతో పని ఉండదు. మామూలుగా కూడా బ్రాంచ్ దగ్గర్లో ఉండటమే మేలు, సీసీ ఇచ్చాక స్టాక్ తనిఖీకి వాళ్లు తరచూ రావాలి కదా. ముప్పై కిలోమీటర్ల అవతలి బ్రాంచ్‌లో మేనేజర్ తెలిసినవాడని అక్కడ పెట్టుకుంటే, ఆయన బదిలీ అయ్యాక కొత్తాయన మొదట అడిగేది "ఇంత దూరం ఎందుకు" అనే.

కరెంట్ అకౌంట్ దగ్గరే మొదలు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది. ప్రొప్రైటర్‌షిప్ పేరుమీద అకౌంట్ తెరవడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యాపారం ఉందని చూపించే కాగితాలు రెండు కావాలి: ఉద్యమ్, జీఎస్టీ, షాప్ లైసెన్స్, వ్యాపారం పేరుమీద కరెంటు బిల్లు లాంటివి. రెండు దొరకడం నిజంగా కుదరకపోతే ఒక్కదానితోనే తెరవడానికి బ్యాంకుకి వీలుంది, కాకపోతే అప్పుడు మనిషిని పంపి చోటు చూసి తీరాలి. అంటే అడ్రస్ బలంగా ఉంటే ఒక కాగితం లోటుని అది పూడుస్తుంది. బ్యాంకులో ఇది అడగండి.

సరుకు అరువిచ్చేవాళ్ల సంగతి కూడా ఇంతే. మాకు పేపర్ రీళ్లు ఇచ్చే డీలర్ 30 రోజుల అరువు ఇస్తాడు. మొదటి లోడు తనే లారీతో పాటు వచ్చి దింపాడు, మర్యాద కోసం వచ్చాడనుకున్నాను, షెడ్డు చూడటానికి వచ్చాడని తర్వాత తెలిసింది. 50,000 రూపాయలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ వాళ్ల ఆన్‌లైన్ పత్రం) కావాలి, అందులో దింపే చోటు మీ జీఎస్టీలో లేని గోడౌన్ అయితే దారిలో లారీ ఆపితే మీరే కాదు, ఆయన కూడా చిక్కుల్లో పడతాడు. ఒకసారి అలా జరిగితే మళ్లీ అరువివ్వడు.

రిజెక్ట్ అయితే

కారణం రాతపూర్వకంగా అడగండి. లోన్ తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పిన విషయం, అడగటానికి మొహమాటపడకండి. ఈ-మెయిల్ పెట్టండి, నోటితో చెప్పింది ఏ పనికీ రాదు. తర్వాత మీ క్రెడిట్ రిపోర్టు తీయండి. వ్యక్తిగత రిపోర్టు ఏడాదికి ఒకసారి ప్రతి క్రెడిట్ బ్యూరో నుంచి ఉచితం: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. కంపెనీ అయితే కంపెనీ రిపోర్టు వేరుగా ఉంటుంది, సిబిల్ అందులో 1 నుంచి 10 వరకు ర్యాంకు ఇస్తుంది, 1 అంటే మంచిది. అందులో మీకు సంబంధం లేని అడ్రస్ కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. ఇంకెవరిదో అప్పు మీ పేరుతో కలిసిపోయిందనడానికి చాలాసార్లు అదే మొదటి గుర్తు. ఆ బ్యూరో దగ్గర ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమన్న ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత అడ్రస్ మీదే అయితే దాన్ని తీయించాల్సిన పని లేదు, కొత్తది కూడా చేరేలా మీ క్రెడిట్ కార్డు, పాత లోన్లు ఉన్న బ్యాంకుల్లో అడ్రస్ మార్పించండి, వాళ్లు పంపే సమాచారంతో అదే వచ్చి చేరుతుంది.

లోన్ వచ్చాక

సీసీ లిమిట్ అంటే మీ సరుకు మీద బ్యాంకుకి హక్కు ఉన్నట్టే. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఉన్న సరుకు, వాళ్లకి చెప్పిన అడ్రస్‌లోనే ఉండాలి. పండగ సీజన్‌లో చోటు చాలక పక్క వీధిలో గోడౌన్ తీసుకుని సగం సరుకు అక్కడ పెట్టడం మనందరం చేసే పనే. తనిఖీకి వచ్చినవాళ్లు సగమే చూసి సగం లేదని రాస్తే లిమిట్ తగ్గిస్తారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇన్సూరెన్స్. అగ్ని ప్రమాద పాలసీ అందులో రాసిన చోటుకే వర్తిస్తుంది. ఆ కొత్త గోడౌన్ పాలసీలో లేకపోతే అక్కడ కాలిపోయిన సరుకుకి పైసా రాదు, బ్యాంకు బాకీ మాత్రం అలాగే ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ చోట్ల సరుకు పెట్టేవాళ్లకి ఫ్లోటర్ పాలసీ అని ఉంటుంది, ఏజెంట్‌ని అడగండి. మాది అట్టల వ్యాపారం, నిప్పురవ్వ చాలు, అందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక షెడ్డు మారాల్సి వస్తే, లోన్ ఫైల్ నడుస్తున్నప్పుడు మాత్రం మారకండి, ఒక నెల అద్దె ఎక్కువైనా శాంక్షన్ అయ్యేదాకా అక్కడే ఉండండి. లోన్ నడుస్తుండగా మారాలంటే సామాను ఎత్తకముందే బ్రాంచ్‌కి లెటర్ ఇచ్చి, కొత్త అగ్రిమెంట్ కాపీ జతచేసి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద తేదీతో బ్యాంకు స్టాంపు వేయించుకోండి. అదే రోజు ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి కూడా మెయిల్ పెట్టి, కొత్త అడ్రస్‌తో ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు చేసినట్టు ఇచ్చే కాగితం) చేతికి వచ్చాకే మొదటి లోడు కదపండి.